బాత్రూమ్ రేడియేటర్ తీసి వెనక గోడకు రంగు వేయాలి: సిస్టమ్ అంతా ఖాళీ చేయాల్సిందేనా?

తేమగోడ
ఇంగ్లండ్‌లో మామూలు సెమీ డిటాచ్డ్ ఇల్లు, పై అంతస్తు బాత్రూమ్. బయటి గోడకు 600 మి.మీ. ఎత్తు, 800 మి.మీ. వెడల్పు తెల్ల రేడియేటర్, సింగిల్ ప్యానెల్. వెనకాల పెయింట్ పెచ్చులు లేచి కిందంతా నల్ల బూజు. కాంబీ బాయిలర్ (హీటింగ్, కుళాయి వేడి నీళ్ళు రెండూ ఇచ్చేది), ప్రెషర్ గేజ్ 1.3 బార్ చూపిస్తోంది. రేడియేటర్‌కి ఒక పక్క 1 నుంచి 5 అంకెలు, మంచు గుర్తు ఉన్న వాల్వ్. రెండో పక్క తెల్ల ప్లాస్టిక్ టోపీ. గీకి, ప్రైమర్ కొట్టి రంగు వేయాలని నా ఆలోచన. సగం ఎత్తు వరకు టైల్స్ వేయిద్దామని ఇంట్లో ఇంకో ఆలోచన. ప్లంబర్ ఏమో సిస్టమ్ మొత్తం డ్రెయిన్ చేయాలి, విప్పడానికి ఒకసారి, బిగించడానికి ఒకసారి రావాలి అంటున్నాడు. అంత అవసరమా? గ్యాస్ సేఫ్ (గ్యాస్ పనివాళ్ళ రిజిస్ట్రేషన్) ఉన్నవాళ్ళే చేయాలని రూల్ ఏమైనా ఉందా?

నట్టుబోల్టు
రెండిటికీ కాదు అనే జవాబు. గ్యాస్ సేఫ్ గ్యాస్ పనికి, బాయిలర్ లోపలి పనికి. రేడియేటర్‌లో తిరిగేది నీళ్ళు, ఎవరైనా విప్పుకోవచ్చు. రెండు పక్కలా వాల్వులున్నది ఈ ఒక్కదాన్ని విడగొట్టడానికే. అవి సరిగ్గా మూసుకుంటే మిగతా సిస్టమ్ జోలికి పోనక్కర్లేదు.

కాంబీరాజు
అంకెల తల మంచు గుర్తు మీద పెట్టు, తెల్ల టోపీ పీకి లోపలి కడ్డీని కుడికి తిప్పి మూసెయ్, నట్లు విప్పు. గంట పని.

నట్టుబోల్టు
@కాంబీరాజు ఆ మంచు గుర్తు దగ్గరే ఇళ్ళు తడుస్తాయి. అది ఆఫ్ కాదు. గది ఉష్ణోగ్రత 6, 7 డిగ్రీలకు పడితే పైపులు గడ్డకట్టకుండా టీఆర్‌వీ (గది వేడిని బట్టి పనిచేసే ఆ అంకెల వాల్వ్) తనంతట తాను తెరుచుకుంటుంది. రంగు ఆరాలని బాత్రూమ్ కిటికీ రాత్రంతా తెరిచి పెడతారు, రేడియేటర్ లేదు, గది చల్లబడుతుంది, వాల్వ్ తెరుచుకుంటుంది. అటు చివర ఏమీ లేదు, నీళ్ళు నేల మీదికి. కొన్ని తలలకు మంచు గుర్తుతో పాటు 0 కూడా ఉంటుంది, అది నిజంగా మూసేదే. తేమగోడ గారిది అలాంటిది కాదు.

కాంబీరాజు
సరే, తల ఊడదీసేస్తే? అప్పుడు తెరిచేది ఎవరు?

నట్టుబోల్టు
తల తీస్తే ఇంకా ఘోరం. లోపల స్ప్రింగ్ మీద చిన్న పిన్ను ఉంటుంది. తల దాన్ని కిందికి నొక్కితేనే వాల్వ్ మూసుకునేది. తల తీసేస్తే పిన్ను పైకొచ్చి వాల్వ్ బార్లా తెరుచుకుంటుంది.

కావలసింది డెకరేటర్ క్యాప్. కొత్త టీఆర్‌వీ డబ్బాలో చిన్న ప్లాస్టిక్ మూతగా వస్తుంది, చాలామంది చెత్తబుట్టలో వేస్తారు. తల తీసి దాని స్థానంలో ఇది బిగిస్తే పిన్ను నొక్కుకుని ఉంటుంది. విడిగా దొరుకుతుంది గానీ మీ వాల్వ్ బ్రాండ్ మరకు సరిపోవాలి. ఎక్కువ వాటిది 30 మి.మీ. మర, అన్నిటిదీ కాదు.

ఆ క్యాప్ కూడా రేడియేటర్ తీసేంతవరకే. తీసిన వెంటనే రెండు వాల్వుల నోళ్ళకూ ఇత్తడి బ్లాంకింగ్ క్యాప్ వేయాలి, లోపల వాషర్‌తో. చాలా వాల్వులకు ముప్పావు అంగుళంది పడుతుంది. మర సైజు నట్టు విప్పాకే తెలుస్తుంది కాబట్టి ముందే రెండు సైజులు తెచ్చి పెట్టుకోండి. ఇత్తడి మూత పడ్డాక వాల్వ్ లీకైనా, తెరుచుకున్నా చుక్క రాదు, మిగతా ఇంట్లో హీటింగ్ మామూలుగా నడుస్తుంది.

పెయింట్‌బకెట్
అసలు తీయడం ఎందుకండీ? పొడుగు చేతి నాలుగంగుళాల రోలర్ దొరుకుతుంది. రేడియేటర్ వెనక సందులో దూర్చి లాగితే పది నిమిషాల్లో రంగు అయిపోతుంది.

రంగమార్తాండుడు
@పెయింట్‌బకెట్ మామూలు గోడయితే అదే చాలు. ఈయన గోడ మీద బూజు, పెచ్చులు ఉన్నాయి. గీకడానికి, కడగడానికి చెయ్యి పట్టాలి. బూజు మీద రంగు వేస్తే మూణ్ణెల్లలో కొత్త రంగు మీద అదే బూజు.

గోదారిగట్టు
ఇంకో దొంగదారి ఉంది: నీళ్ళు తీయకుండానే బ్రాకెట్ల మీంచి పైకి లేపి ముందుకు వాల్చడం.

నట్టుబోల్టు
అది చెప్పకండి. నట్లు కొద్దిగా వదులు చేసి తిప్పేవాళ్ళున్నారు. 15 మి.మీ. రాగి పైపు నేలలోంచి నిటారుగా వస్తుంటే ఆ బరువంతా పలకల కింద ఎల్బో జాయింట్ మీద పడుతుంది. అక్కడ లీకైతే కనపడేది కింద హాల్ సీలింగ్ మీద మరక పడ్డాకే. 10 మి.మీ. మైక్రోబోర్ (సన్న పైపు) అయితే పైపు నొక్కుకుపోయి ప్రవాహమే ఆగిపోవచ్చు.

తేమగోడ
క్యాప్ సంగతి అర్థమైంది. తెల్ల టోపీ పక్క మాత్రం పూర్తిగా మూసుకుంటుందా? ఎన్నేళ్ళుగా ఎవరూ ముట్టుకున్నట్టు లేదు.

పానాపట్టు
అది లాక్‌షీల్డ్, ఈ రేడియేటర్‌లోకి ఎంత నీళ్ళు పోవాలో ఒకసారి సరిచేసి వదిలేసే వాల్వ్. మూసే ముందు ఒక పని: ఎన్ని చుట్లు తిరిగిందో పావు చుట్టుతో సహా లెక్కపెట్టి టోపీ లోపల మార్కర్‌తో రాసుకోండి. సిస్టమ్ బ్యాలెన్స్, అంటే అన్ని రేడియేటర్లకూ వేడి సమంగా అందడం, ఆ లెక్క మీదే ఉంది. తిరిగి పెట్టాక పూర్తిగా తెరిచేస్తే బాత్రూమ్ మండిపోయి, దూరంగా ఉన్న బెడ్‌రూమ్ చల్లబడుతుంది.

రెండూ నిజంగా మూసుకున్నాయా అని నట్టు ముట్టకముందే తేల్చుకోవచ్చు. హీటింగ్ ఆపి పూర్తిగా చల్లారనివ్వండి. రెండు వాల్వులూ మూయండి. గుడ్డ అడ్డం పెట్టి, పై మూల బ్లీడ్ స్క్రూ (గాలి వదిలేది) రేడియేటర్ తాళంతో అర చుట్టు విప్పండి. కొంచెం చిమ్మి ఆగిపోతే వాల్వులు పట్టుకున్నాయి. ఆగకుండా అదే జోరుతో వస్తూనే ఉంటే ఏదో ఒకటి వదిలేస్తోంది. బ్లీడ్ బిగించి అక్కడితో ఆగండి. ఈ పరీక్షకు ఖర్చు కప్పు నీళ్ళు.

స్లౌసుబ్బడు
ఇంత మంచి కిటుకు ఇన్నాళ్ళు ఎవరూ చెప్పలేదేంటి 😀

పానాపట్టు
చెప్తే విజిట్ ఛార్జీ పోతుంది కదా.

తేమగోడ
ఇక విప్పే పద్ధతి కూడా వరసగా రాయండి ఎవరైనా. సరంజామా ఏం కావాలి?

నట్టుబోల్టు
రెండు సర్దుబాటు పానాలు, లేదా ఒక పానా, ఒక వాటర్ పంప్ గ్రిప్స్. వాల్వ్ కిందికి పట్టే పల్చటి ట్రే (రంగు రోలర్ ట్రే సరిగ్గా పడుతుంది), బకెట్, పాత తువ్వాళ్ళు, ప్లాస్టిక్ షీటు, బ్లీడ్ తాళం, క్యాప్‌లు, టెఫ్లాన్ టేప్. కార్పెట్ ఉన్న గది మీదుగా మోయాల్సి వస్తే అక్కడ కూడా షీటు.

లాక్‌షీల్డ్ పక్కన మొదలుపెట్టండి. వాల్వ్ ఒళ్ళు ఒక చేత్తో గ్రిప్స్‌తో కదలకుండా పట్టుకోవాలి, రెండో చేత్తో రేడియేటర్‌కి, వాల్వ్‌కి మధ్య ఉన్న పెద్ద నట్టు తిప్పాలి. వాల్వ్ తిరిగితే కింద పైపు మెలిపడి, పైపు మీది ఆలివ్ (నట్టు లోపల నీళ్ళు ఆపే చిన్న లోహపు రింగు) పట్టు వదులుతుంది. తర్వాత లీకుల్లో సగం అక్కడివే. నట్టు ఏ పక్కకి విప్పుకుంటుందో ముందు ఆలోచించండి: ఆ మర వాల్వ్‌ది కాబట్టి వాల్వ్ వైపు నుంచి చూస్తే తిప్పుడు తిరగబడినట్టు అనిపిస్తుంది. చాలామంది అక్కడే బిగించేసి బలం సరిపోలేదనుకుంటారు.

నట్టు సగం చుట్టు వదలగానే చుక్కలు మొదలవుతాయి. ఆగిపోతే బ్లీడ్ స్క్రూ తెరవండి, పైనుంచి గాలి వెళ్తేనే కింద నీళ్ళు దిగేది. మీ సైజు సింగిల్ ప్యానెల్‌లో మూడు లీటర్ల లోపే. డబుల్ ప్యానెల్ అయితే దాదాపు రెట్టింపు. ట్రే నిండినప్పుడల్లా నట్టు బిగించి, బకెట్‌లో ఒంపి, మళ్ళీ విప్పండి. బకెట్ నిండినా తగ్గకపోతే వాల్వ్ వదుల్తోందని అర్థం, నట్టు బిగించేయండి.

ఖాళీ అయ్యాక రెండో నట్టు. రేడియేటర్ బ్రాకెట్ మీంచి నేరుగా పైకి లేపాలి, లాగకూడదు. తీయగానే రేడియేటర్ రెండు నోళ్ళకూ గుడ్డ కుక్కి తలకిందులు చేసి మోయండి. అడుగున మిగిలిన నల్ల బురద లేకపోతే మెట్లంతా గీత గీస్తుంది.

గోదారిగట్టు
ఆ నీళ్ళు డికాషన్ రంగులో ఉంటాయి, కంగారు పడకండి. ఇనుము తుప్పు, మాగ్నెటైట్. తెల్ల గ్రౌట్ మీద పడితే మాత్రం మరక వదలదు.

ఫస్ట్‌ఫ్లోర్‌ఫ్లాట్
మధ్యలో ఒక ప్రశ్న. మాది లండన్ ఫ్లాట్, బాయిలర్ లేదు. హాల్ అల్మారాలో ఒక పెట్టె, బిల్డింగ్ మొత్తానికి ఒకే వేడి నీళ్ళ లైను. ఇదే పద్ధతి చెల్లుతుందా?

నట్టుబోల్టు
అడక్కుండా ముట్టుకోకండి. అది హీట్ నెట్‌వర్క్, ఆ పెట్టె హెచ్‌ఐయూ (బిల్డింగ్ వేడిని మీ ఫ్లాట్‌కి అందించేది). కొన్నిట్లో మధ్యలో ప్లేట్ ఎక్స్‌ఛేంజర్ (నీళ్ళు కలవకుండా వేడి మాత్రమే దాటించేది) ఉండి మీ రేడియేటర్ల నీళ్ళు మీవే. కొన్నిట్లో బిల్డింగ్ నీళ్ళే నేరుగా మీ రేడియేటర్లోకి వస్తాయి. రెండో రకంలో వాల్వ్ వదిలితే వచ్చేది మీ ఇంటి నీళ్ళు కాదు, టవర్ నీళ్ళు. మేనేజ్‌మెంట్ వాళ్ళ దగ్గర రాతపూర్వకంగా తీసుకోండి. అద్దె ఇల్లయితే ఓనర్ అనుమతి ఎలాగూ కావాలి.

గోదారిగట్టు
పాత ఇళ్ళవాళ్ళ కోసం ఇంకోటి. బాత్రూమ్ రేడియేటర్‌కి చాలాచోట్ల టీఆర్‌వీ ఉండదు, రెండు పక్కలా లాక్‌షీల్డే. కావాలనే అలా వదిలేస్తారు: ఇంట్లో అన్ని టీఆర్‌వీలూ మూసుకున్నా పంపు తోసే నీళ్ళకు ఒక దారి ఉండాలని. దాన్ని తీసి క్యాప్ వేసి హీటింగ్ నడిపితే, వేరే బైపాస్ లేకపోతే పంపు ఊరికే తోస్తూ ఉంటుంది, బాయిలర్ వేడెక్కి ఆగిపోతుంది. ఆ రోజులు ఇంకో రేడియేటర్ ఏదైనా పూర్తిగా తెరిచి పెట్టండి.

కాంబీరాజు
ఇదంతా లేకుండా ప్రెషర్ సున్నాకి దించేస్తే పోలేదా? ఎండాకాలం హీటింగ్ అక్కర్లేదు, వాల్వ్ వదిలినా చుక్కలే.

పానాపట్టు
@కాంబీరాజు కాంబీలో ప్రెషర్ సున్నా అయితే స్నానానికి వేడి నీళ్ళు కూడా రావు. కుళాయి నీళ్ళను కాచేది ఆ హీటింగ్ నీళ్ళే, ప్రెషర్ లేకపోతే బాయిలర్ వెలగదు. విప్పే గంటసేపు దించుకోవడం మంచి పనే. నట్టు వదిలినప్పుడు చిమ్మదు. టైల్స్ పూర్తయ్యే వారం రోజులు అలా వదలడం కుదరదు.

తేమగోడ
బ్లీడ్ పరీక్ష చేశాను. ఆగలేదు. సన్నగా వస్తూనే ఉంది. బిగించేశాను.

పానాపట్టు
ముందు టీఆర్‌వీకి డెకరేటర్ క్యాప్ వేసి మళ్ళీ చూడండి, తల సరిగ్గా నొక్కకపోవచ్చు. లాక్‌షీల్డ్ అయితే రెండుమూడుసార్లు పూర్తిగా తెరిచి మూయండి, సీటు మీద చేరిన మడ్డి కొట్టుకుపోతుంది. కడ్డీని బలంగా నొక్కి తిప్పకండి. పాత ఇత్తడి కడ్డీ విరిగితే ప్లంబర్‌కి సెలవు రోజు ధర కట్టాల్సి వస్తుంది. కడ్డీ పక్కన గ్లాండ్ నట్టు దగ్గర తడి కనపడితే ఆ నట్టు కొంచెం బిగిస్తే చాలు.

తేమగోడ
క్యాప్ వేశాక ఆగింది. టీఆర్‌వీ తలే దొంగ. ఇంట్లో టైల్స్ పార్టీ గెలిచింది. టైల్ 9 మి.మీ. మందం. ఏమైనా చూసుకోవాలా?

నట్టుబోల్టు
ఇప్పుడు అసలు ప్రశ్న వచ్చింది. రంగుతో పోతే గోడ మందం మారదు. టైల్ 9, జిగురు 3 నుంచి 6, అంటే గోడ ముఖం 12 నుంచి 15 మి.మీ. ముందుకొస్తుంది. బ్రాకెట్లు టైల్ మీద కూర్చుంటే రేడియేటరూ అంతే ముందుకొస్తుంది. పైపులు నేలలో ఉన్నచోటే ఉంటాయి. వాల్వ్, రేడియేటర్ తోక (రేడియేటర్‌లోంచి వాల్వ్‌కి వచ్చే పొట్టి గొట్టం) ఒక గీతలో ఉండవు. నట్టు బలవంతంగా పట్టిస్తే ఆ రోజుకి పడుతుంది. లోపల శంకువు ముఖాలు వాలుగా కూర్చుంటాయి కాబట్టి వేడెక్కి చల్లారినప్పుడల్లా కారుతుంది.

విప్పకముందే మూడు కొలతలు రాసుకోండి: గోడ నుంచి పైపు మధ్యకి, నేల నుంచి వాల్వ్ మధ్యకి, రెండు పైపుల మధ్య దూరం. ఒక ఫోటో.

టైల్‌గురూ
ముందు బ్రాకెట్ చూడండి. మడిచిన రేకు బ్రాకెట్లు చాలావాటికి రెండు రెక్కలు, ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. ఇప్పుడు పొడుగు రెక్క మీద వేలాడుతుంటే తిప్పి పొట్టి రెక్క వాడండి. కొన్ని మిల్లీమీటర్లు వెనక్కి దొరుకుతుంది, అదృష్టం బాగుంటే టైల్ మందం మొత్తం అందులోనే సర్దుకుంటుంది. ఇప్పటికే పొట్టి రెక్క మీద ఉంటే ఆ దారి లేదు.

తర్వాతిది పైపు జరపడం. నేల చెక్క పలకలయితే ఒక పలక లేపి పైపు క్లిప్ వదిలిస్తే 10, 15 మి.మీ. కదులుతుంది, పలకలో రంధ్రం కొంచెం సాగదీయాలి. కాంక్రీటు నేల అయితే కుదరదు. అప్పుడు రేడియేటర్ వెనక భాగం టైల్ వేయకుండా వదిలి అంచు వరకే టైల్ వేస్తారు. ఎదురుగా నిలబడితే కనపడదు, పక్కనుంచి చూస్తే కనపడుతుంది. నాకైతే నచ్చదు. పైగా రేపు చిన్న రేడియేటర్ పెట్టాలంటే ఖాళీ గోడ బయటపడుతుంది.

పైపులు గోడలోంచి వచ్చేవాళ్ళకు ఇబ్బంది ఇంకోలా ఉంటుంది: టైల్ మందం మేర బయట కనపడే పైపు పొట్టిదైపోతుంది, వాల్వ్ కంప్రెషన్ నట్టుకి పట్టు సరిపోదు. ప్లాస్టరింగ్ దశలోనే పైపు పొడిగించుకోవాలి.

స్లౌసుబ్బడు
ఈ ఊసుల కన్నా రంగే నయం అనిపిస్తోంది. టైల్స్ పార్టీ వాళ్ళకి ఈ పోస్టు చూపించండి.

టైల్‌గురూ
@స్లౌసుబ్బడు చూపించినా మారరు 😀

బ్రాకెట్ పడే చోట టైల్ వెనక జిగురు ఖాళీ లేకుండా నిండుగా ఉండాలి. చుక్కలుగా పెడితే బోల్టు బిగించగానే టైల్ పగులుతుంది. పోర్సలిన్ అయితే డైమండ్ బిట్, నీళ్ళు చల్లుతూ, డ్రిల్‌లో హామర్ మోడ్ ఆపి. టైల్ దాటాకే హామర్. ప్లగ్ పూర్తిగా గోడలోకి దిగాలి. టైల్ మందంలో ఇరుక్కుని ఉబ్బితే అక్కడి నుంచే చీలిక. ప్లాస్టర్‌బోర్డు గోడయితే టైల్ వేయకముందే వెనక అడ్డ చెక్క పెట్టించండి. రంధ్రం వేసే ముందు డిటెక్టర్ తిప్పండి, పైపులు ఎక్కడెక్కడ మలుపు తిరిగాయో పైకి కనపడదు.

రంగమార్తాండుడు
టైల్ పైన మిగిలే గోడ గురించి. బూజును పొడిగా గీకకండి, గాల్లో లేస్తుంది. బూజు మందుతో తడిపి, డబ్బా మీద రాసినంతసేపు ఉంచి, తుడిచి, పూర్తిగా ఆరాక పెచ్చులు గీకండి. మరకలు మిగిలితే స్టెయిన్ బ్లాక్ (మరక పైకి రాకుండా ఆపే పూత). కొత్త ప్లాస్టర్ వేస్తే ముందు నీళ్ళు కలిపిన పల్చటి ఎమల్షన్ ఒక పూత, తర్వాత బాత్రూమ్ పెయింట్ రెండు పూతలు. సరాసరి చిక్కటి పెయింట్ వేస్తే పొరగా ఊడొస్తుంది.

2000కి ముందు కట్టిన ఇల్లయి గోడ మీద గరుకు డిజైన్ పూత ఉంటే సాండింగ్ వద్దు. వాటిలో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది, బ్రిటన్‌లో పూర్తి నిషేధం 1999లో వచ్చింది. ముక్క పరీక్షకు పంపాకే చెయ్యి పెట్టాలి.

ఇంకోటి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ చూడండి. ఇంగ్లండ్ బిల్డింగ్ నియమాల ప్రకారం బాత్రూమ్ ఫ్యాన్ సెకనుకు 15 లీటర్ల గాలి లాగాలి. జాలీకి టిష్యూ కాగితం అంటుకోకపోతే బూజుకి కారణం గోడ కాదు.

క్రోమ్‌కిరీటం
ఎలాగూ తీస్తున్నారు కదా, నిచ్చెన లాంటి క్రోమ్ టవల్ రైల్ పెట్టించెయ్యండి. అందంగా ఉంటుంది.

నట్టుబోల్టు
అందమే. క్రోమ్ పూతది అదే సైజు తెల్లదానికన్నా వేడి తక్కువ ఇస్తుంది, పైన తువ్వాళ్ళు కప్పితే ఇంకా తక్కువ. బయటి గోడ, బూజు ఉన్న గది. వాట్లు పోల్చకుండా మార్చకండి.

టవల్ రైల్‌లో కరెంటు ఎలిమెంట్ కూడా ఉన్నవాళ్ళకు: తీసే ముందు ఫ్యూజ్డ్ స్పర్ (దానికోసం గోడకున్న ఫ్యూజ్ స్విచ్) ఆపి, అందులోని ఫ్యూజ్ పీకి జేబులో వేసుకోండి. నీళ్ళు లేకుండా ఎలిమెంట్ వేస్తే కాలిపోతుంది. నీళ్ళుండి రెండు వాల్వులూ మూసి వేస్తే లోపల ప్రెషర్ పెరిగిపోతుంది. ఒకటి ఎప్పుడూ తెరిచే ఉండాలి.

తేమగోడ
టైల్స్ అయ్యాయి, గ్రౌట్ ఆరింది. బ్రాకెట్ తిప్పితే సరిపోయింది. తిరిగి బిగించేటప్పుడు టేప్ నట్టు మరకి చుట్టాలి కదా?

కాంబీరాజు
అవును, బాగా చుట్టండి.

పానాపట్టు
నట్టు మరకి వద్దు. అక్కడ నీళ్ళు ఆపేది మర కాదు, లోపల ఇత్తడి శంకువు ముఖం. టేప్ చుడితే నట్టు బిగిసినట్టు అనిపించి ముఖాలు పూర్తిగా ఆనవు. ముఖం మీద మడ్డి, పాత టేప్ పోగులు లేకుండా తుడిచి, కొంచెం జాయింటింగ్ పేస్ట్ రాస్తే చాలు. టేప్ వేసేది రేడియేటర్‌లోకి దిగే తోక మరకి, అదీ దాన్ని విప్పి ఉంటేనే. మర దిగే దిక్కులోనే పది, పదిహేను చుట్లు.

రేడియేటర్ ఇప్పుడు బయటే ఉంది కాబట్టి పెరట్లో తోట పైపుతో ఒక నోట్లోంచి కడిగేయండి, నీళ్ళు తేటగా వచ్చేదాకా. కింది అతుకు దగ్గర పెయింట్ బుడగలు ఉన్నాయేమో చూడండి. పై తుప్పయితే గీకి రంగు వేయొచ్చు. లోపలినుంచి వచ్చిన బుడగ అయితే మళ్ళీ ఎక్కించడం దండగ, కొత్తది కొనండి.

నట్టుబోల్టు
నీళ్ళు పట్టే వరస: బ్లీడ్ మూసి ఉంచి, లాక్‌షీల్డ్ నెమ్మదిగా రాసుకున్న చుట్ల లెక్క వరకు తెరవండి. తర్వాత డెకరేటర్ క్యాప్ తీసి తల పెట్టండి. తల పెట్టేటప్పుడు 5 మీద ఉంచాలి, అప్పుడే పిన్ను అడ్డం రాదు. ఇప్పుడు బ్లీడ్ తెరిచి గాలి పోనివ్వండి, నీళ్ళు రాగానే మూయండి. గేజ్ పడిపోతుంది, మూడు లీటర్లు ఇటు వచ్చాయి కదా. ఫిల్లింగ్ లూప్‌తో (కుళాయి నీళ్ళు సిస్టమ్‌లోకి ఎక్కించే గొట్టం) చల్లగా ఉన్నప్పుడు 1 నుంచి 1.5 బార్‌కి తెచ్చి లూప్ రెండు చివర్లూ మూసేయండి. ఒకటి మరిచిపోతే ప్రెషర్ పెరుగుతూ పోయి 3 బార్ దగ్గర సేఫ్టీ వాల్వ్ బయటికి వదిలేస్తుంది.

గోదారిగట్టు
ఇన్హిబిటర్ (తుప్పు పట్టకుండా నీళ్ళలో కలిపే మందు) మళ్ళీ పోయాలా?

నట్టుబోల్టు
ఒక్క రేడియేటర్ నీళ్ళకు పెద్దగా పలచబడదు. ఎప్పుడు పోశారో తెలియని సిస్టమ్ అయితే ఇదే అదను: రేడియేటర్ ఎక్కించి, నీళ్ళు పట్టకముందే బ్లీడ్ ప్లగ్ మొత్తం విప్పి, గరాటు, చిన్న గొట్టంతో అక్కణ్ణుంచే పోయొచ్చు. ఎంతన్నది సీసా మీద ఉంటుంది, సిస్టమ్‌లోని లీటర్లను బట్టి.

తేమగోడ
ఎక్కించాను. 1.4 బార్. చల్లగా ఉన్నప్పుడు పొడిగానే ఉంది. వేడెక్కాక లాక్‌షీల్డ్ నట్టు కింద పది నిమిషాలకో చుక్క.

పానాపట్టు
చల్లారనిచ్చి, వాల్వ్ ఒళ్ళు పట్టుకుని నట్టు ఎనిమిదో వంతు చుట్టు బిగించండి, అంతకుమించి కాదు. కింద పొడి టిష్యూ చుట్టి రాత్రంతా వదలండి. చుక్క పెద్ద నట్టు దగ్గరా, దాని కింద పైపు నట్టు దగ్గరా అన్నది టిష్యూనే చెప్తుంది. పైపు నట్టు దగ్గరయితే విప్పేటప్పుడు వాల్వ్ కదిలింది. దానికీ అదే ఎనిమిదో వంతు. రెండోసారీ తడిస్తే ఆ వాల్వ్ మార్చడమే. పై అంతస్తే కాబట్టి సిస్టమ్ మొత్తం తీయక్కర్లేదు. కింద డ్రెయిన్ కాక్‌కి (సిస్టమ్ నీళ్ళు బయటికి వదిలే కుళాయి) గొట్టం తగిలించి, పై అంతస్తు బ్లీడ్‌లు తెరిచి, నీళ్ళు ఆ వాల్వ్ మట్టానికి దిగేవరకు వదిలితే చాలు.